బుధవారం తీసిన అచ్చు

దెయ్యాల కథలంటే నాకు భయం మాట అటుంచి, వినే ఓపిక కూడా ఉండేది కాదు. మాది గజపతినగరం దగ్గర పల్లె. మా చేను శ్మశానాన్ని ఆనుకుని ఉండేది. మా నాన్న ఇంకా చీకటి ఉండగానే వెళ్ళి నీళ్ళు కట్టేవాడు. మా అమ్మ ఆ గట్టు మీదే కూర్చుని చద్దన్నం తినేది. చచ్చినవాళ్ళ వల్ల మనకు వచ్చే ఇబ్బంది ఏమీ లేదు, ఇబ్బందంతా బతికున్న వాళ్ళతోనే అనేవాడు నాన్న. ఆ ఇంట్లో పెరిగినదాన్ని. ఇప్పుడు చెప్పబోయేది నా కళ్ళ ముందు జరగకపోయి ఉంటే, ఇంకెవరైనా చెబితే, నేను నమ్మేదాన్ని కాదు.

అరవయ్యో దశకం చివర నేను చరిత్రలో ఎం.ఏ. చదువుతున్నాను. అప్పట్లో మా యూనివర్సిటీకి విజయనగరంలో ఒక చిన్న కళా మ్యూజియం ఉండేది. ఎవరో ఇచ్చిన పాత బంగళా. పొలాల్లో దొరికిన రాతి విగ్రహాలు, చెక్క మీద వేసిన పాత బొమ్మలు, గుడ్డ మీద వేసిన పటాలు, ఇలాంటివి పెట్టారు. ఏటా వేసవి సెలవుల్లో కొద్దిమంది విద్యార్థుల్ని అక్కడ పని నేర్చుకోడానికి తీసుకునేవారు. ఆ ఏడు ఇద్దరమే. నేను, సాలూరు నుంచి వచ్చిన మోహనరావు. అతని తండ్రి లారీ డ్రైవరు. మా ఊరి నుంచి పొద్దున్న బస్సెక్కితే సాయంత్రానికి ఇల్లు చేరిపోవచ్చు కాబట్టి ఆడపిల్లనైనా నన్ను పంపించారు.

పని గొప్పదేమీ కాదు. విగ్రహాల దుమ్ము మెత్తటి కుంచెతో తుడవడం, పటాల చట్రాలకు పట్టిన చెద దులపడం, ఏ బొమ్మ ఏ ఊరిదో అట్టముక్కల మీద రాయడం. ఎండకి బంగళా పెంకులు కాగిపోయేవి. అయినా నాకు ఇష్టంగా ఉండేది.

మాకు పని నేర్పిన ఆయన రామ్మూర్తి మాస్టారు. శిల్పి. దేవుడికి దణ్ణం పెట్టడం కూడా నేనెప్పుడూ చూడలేదు. ఆ వేసవిలో ఆయన ఒక కొత్త గది తయారుచేస్తున్నారు. మన ప్రాంతపు మనుషుల్ని నిలువెత్తు బొమ్మలుగా చేసి, వాళ్ళ పనిముట్లతో సహా నిలబెట్టాలని ఆయన కోరిక. ఒక రైతు, ఒక నేతగాడు, ఒక జాలరి. ముఖాలు మాత్రం ఊహించి చెయ్యనన్నారు. బతికున్న మనిషి ముఖం మీదే ప్లాస్టర్ వేసి అచ్చు తీయాలి, ఆ అచ్చులో మళ్ళీ ప్లాస్టర్ పోస్తే ఆ మనిషి ముఖం ముడతలతో సహా వస్తుంది. రైతు ముఖం, నేతగాడి ముఖం అప్పటికే అయిపోయాయి. ఎలా చెయ్యాలో మా ఇద్దరికీ చేతికి వచ్చింది.

జాలరి కోసం మాస్టారు తనే పూసపాటిరేగ దాటి సముద్రపు ఒడ్డుకు వెళ్ళి ఒక పేటలో వెతికారు. ఎర్రయ్య అనే మనిషి దొరికాడని సంతోషంగా తిరిగివచ్చారు. వెడల్పాటి నుదురు, లోతు కళ్ళు, ఎండకి చిట్లిన పెదాలు, అలాంటి ముఖం కోసమే చూస్తున్నానన్నారు. వచ్చే బుధవారం వస్తానని ఎర్రయ్య మాట ఇచ్చాడట. బుధవారం మ్యూజియానికి సెలవు. జనం ఉండరు కాబట్టి ఇలాంటి పనులన్నీ మేం ఆ రోజే పెట్టుకునేవాళ్ళం. అది ఏ రోజని తర్వాత ఎంతమంది ఎన్ని రకాలుగా అడిగినా నేను తడబడకపోవడానికి కారణం అదే. అది బుధవారం. గేటు మూసి ఉంది. నేనే వెళ్ళి తీశాను.

ఎర్రయ్య పొద్దున్నే వచ్చాడు. ఉతికిన పంచె, భుజం మీద తువ్వాలు. ముప్పై అయిదు, నలభై మధ్య ఉంటాయి. ఎడమ కనుబొమ మీద పెద్ద గాయం ఉంది. చర్మం చీలి లోపలికి కనబడుతోంది. మాస్టారు కంగారుపడి ఇదేమిటని అడిగారు.

"తెప్ప దుంగ కొట్టీసినాది బాబూ. ఏటీ పరవానేదు. మీ పని మీరు సేసుకోండి" అన్నాడు.

కట్టు కట్టించుకుని ఇంకో రోజు రమ్మన్నారు మాస్టారు. అతను ఒప్పుకోలేదు. మాట ఇచ్చినాను, మల్లీ రాలేను అన్నాడు. ఆ మాట అప్పుడు మాకు మామూలుగానే వినిపించింది. వేటకు వెళ్ళే మనిషికి తీరిక ఉండదు కదా.

వెనక వరండాలో బల్ల మీద పడుకోబెట్టాం. మోహనరావు, మాస్టారు ప్లాస్టర్ కలుపుతున్నారు. ముఖానికి కొబ్బరి నూనె రాసే పని నాకు పడింది. పరాయి మగవాడి ముఖం ముట్టుకోవడానికి నేను వెనకాడుతుంటే అతనే, "మా సెల్లి లాటిదానివి, రాయమ్మా" అన్నాడు. రాశాను. కనుబొమలకు, రెప్పలకు వేజలీన్ దట్టంగా పెట్టాను. గాయం పక్కన నా వేళ్ళు తిరిగాయి. దాని అంచులు తెల్లగా ఉన్నాయి. రక్తం లేదు, చీము లేదు. చాలాసేపు నీళ్ళలో నానిన చెయ్యి ఎలా ఉంటుందో అలా ఉంది. నొప్పిగా ఉందా అని అడిగాను. లేదని తల ఊపాడు.

ప్లాస్టర్ వేసేటప్పుడు మనిషికి ఊపిరాడాలి కదా. అందుకు ఆముదపు ఆకు కాడలు రెండు కోసి ముక్కు పుటాల్లో పెడతాం. అవి గొట్టాల్లా ఉంటాయి. ప్లాస్టర్ గట్టిపడేదాకా మనిషి మాట్లాడలేడు, కళ్ళు తెరవలేడు. అంచేత ఒకరు అతని చెయ్యి పట్టుకుని ఉండాలి. ఇబ్బంది అయితే అతను నొక్కుతాడు. ఇంకొకరు కాడల దగ్గర చిన్న అద్దం పెట్టి ఊపిరి చూస్తుండాలి. చెయ్యి మోహనరావు పట్టుకున్నాడు. అద్దం నేను పట్టుకున్నాను. నా సంచిలో ఉండే బొట్టు అద్దమే అది.

అద్దం మీద ఆవిరి పట్టింది. తుడిచాను. మళ్ళీ పట్టింది. ప్లాస్టర్ ఆరేదాకా అలా తుడుస్తూనే ఉన్నాను. ఒక్కసారి కూడా ఆగలేదు. మోహనరావు పట్టుకున్న చెయ్యి వెచ్చగానే ఉందని అతను తర్వాత ఎందరి ముందో చెప్పాడు. ఈ రెండు విషయాలూ మేం కల్పించినవి కావు.

అచ్చు బాగా వచ్చింది. ఎర్రయ్య లేచి కూర్చుని దాని లోపలికి తొంగిచూశాడు.

"ఇది ఎన్నాళ్ళుంటాది బాబూ?"

"మనందరం పోయినా ఉంటుంది" అన్నారు మాస్టారు.

"మా ఇంటిదానికి సూపిత్తారా?"

తప్పకుండా చూపిస్తాం, తీసుకురా అన్నారు మాస్టారు. అతనికోసం భోజనం తెప్పిస్తానంటే వద్దన్నాడు. మంచినీళ్ళు కూడా తాగలేదు. నూతి దగ్గర ముఖం కడుక్కున్నాడు. ఎడమ చెవి మడతలో ప్లాస్టర్ ఇంకా అంటుకునే ఉంది, నేను చెప్పాను కూడా. చేత్తో ఒకసారి రాసుకుని, పోతాదిలే అని నడిచాడు. మోహనరావు బస్టాండు దాకా వెళ్ళి బస్సెక్కించి వచ్చాడు.

ఆ సాయంత్రమే అచ్చులో ప్లాస్టర్ పోశాం. గురువారం పొద్దున్న పైన పెంకులా ఉన్న అచ్చును చెక్కి తీశాం. ఎర్రయ్య ముఖం బయటికి వచ్చింది. కనుబొమ మీద చీలిక కూడా ఉన్నదున్నట్టు వచ్చింది.

దాన్ని బల్ల మీద పెట్టి చూసుకుంటున్నాం. అప్పుడే గుమ్మం దగ్గర ఒక ఆడమనిషి, ఒక కుర్రవాడు వచ్చి నిలబడ్డారు. ఆవిడ పేరు పైడమ్మ, ఎర్రయ్య భార్య. కుర్రవాడు అప్పన్న, ఎర్రయ్య తమ్ముడు. ఆవిడ జుట్టు విడిపోయి ఉంది. కాళ్ళకు చెప్పులు లేవు. లోపలికి రమ్మన్నా రాలేదు. గడప దగ్గరే నిలబడి మాస్టార్ని అడిగింది.

"మొన్న మా పేటకొచ్చినప్పుడు మా మావకి ఫోటో ఏటైనా తీసినారా బాబూ? తీస్తే ఒకసారి సూపించండి."

మావ అంటే భర్తే. మాస్టారికి ఏమీ తెలియదు కాబట్టి నవ్వారు.

"ఫోటో దేనికమ్మా? ముఖమే ఉంది, రా. నిన్న వచ్చి ఎంత ఓపిగ్గా పడుకున్నాడనుకున్నావు!"

అప్పన్న మాస్టారి ముఖంలోకి చూశాడు. "నిన్నేటి బాబూ?"

"నిన్న పొద్దున్న."

"మా అన్న సోమారం సచ్చిపోనాడు బాబూ. తెప్ప తిరగబడిపోనాది. మంగలారం ఒడ్డుకొచ్చినాడు. ఆ దినమే ఇసకలో పూడ్సీసినాం."

పైడమ్మ అప్పుడు పేటలో లేదు. కళింగపట్నం దగ్గర కన్నవారింటికి వెళ్ళింది. కబురు అందుకుని ఆవిడ వచ్చేసరికి బుధవారం పొద్దు వాలిపోయింది. ఎండల రోజులు, శవం ఆగదని పెద్దలు ముందురోజే పూడ్చేశారు. ఆవిడ చివరిచూపు చూడలేదు. మాస్టారు ఫోటో తీసి ఉంటారేమోనన్న ఆశతో వచ్చింది.

ఇంతలో ఆవిడే గడప దాటి లోపలికి వచ్చింది. బల్ల మీద ముఖాన్ని చూసింది. ఏడవలేదు. దగ్గరికి వెళ్ళి నిలబడింది. వెనకే వచ్చిన అప్పన్న ఆ కనుబొమ మీది చీలికను చూసి రెండు చేతులతో తల పట్టుకుని కింద కూర్చుండిపోయాడు.

"ఈ దెబ్బ నాను కడిగినాను ఒదినా. దుంగ తగిలీసిన దెబ్బ. బతికున్నప్పుడు నేదిది."

మాస్టారు పొరపాటు ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టారు. ఎర్రయ్యకు పోలిక ఉన్న అన్నదమ్ములు ఇంకెవరైనా ఉన్నారా? లేరు. నువ్వు కడిగిన శవం ఎర్రయ్యదేనా, నీళ్ళలో నాని ఉబ్బిపోయి ఉంటుంది కదా? మా అన్నని నాను గుర్తుపట్టలేనా అని అరిచాడు అప్పన్న.

ఆ ప్రశ్న మాత్రం పైడమ్మకు పట్టుకుంది. ఆవిడ ముఖం మారిపోయింది. నా దగ్గరికి వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"నిన్న సూసినావా అమ్మా? నీ కళ్ళతో సూసినావా? ఊపిరి తీసినాడా?"

చూశాను, తీశాడు అన్నాను. ఇంకేం చెప్పగలను?

"అయితే ఇసకలో ఉన్నోడు నా మావ కాదు. తవ్వండి."

ఆ మధ్యాహ్నం అందరం వాళ్ళతో బస్సెక్కాం. మా అమ్మకు తెలిస్తే ఏమంటుందోనని కూడా ఆలోచించలేదు. పైడమ్మ నా చెయ్యి వదల్లేదు. దారంతా ఆవిడ వేగంగా ఏదో మాట్లాడుతూనే ఉంది. తెప్ప తిరగబడ్డాక ఇంకో ఊరి ఒడ్డుకు కొట్టుకుపోయి ఉంటాడట, మతి చెదిరి ఇంటిదారి మరిచిపోయి ఉంటాడట, ఇచ్చిన మాట ఒక్కటి గుర్తుండి మా దగ్గరికి వచ్చి ఉంటాడట. వింటుంటే నాక్కూడా అదే నిజమనిపించింది. అలా అయితే ఎంత బాగుండును అనిపించింది.

అదే బస్సు, ముందురోజు కండక్టరే. మోహనరావు అతన్ని అడిగాడు. చెవి దగ్గర సున్నం లాంటిది అంటుకున్న మనిషా, అవును, కిటికీ పక్కన కూర్చున్నాడు, టిక్కెట్టు ఇచ్చాను అన్నాడు కండక్టరు. ఎక్కడ దిగాడంటే మాత్రం చెప్పలేకపోయాడు. దిగడం చూడలేదన్నాడు. ఆ మాట విని పైడమ్మ ఇంకా గట్టిగా నమ్మింది.

పేటలో పెద్ద గొడవే అయింది. పూడ్చిన మనిషిని తవ్వడమేమిటని పెద్దలు కోప్పడ్డారు. మాస్టారు బతిమాలారు. చివరికి పేట పెద్ద పైడమ్మ వంక చూసి, "దాని పేణం కుదుటపడాల. తవ్వీండిరా" అన్నాడు.

ఇంకా బాగా వెలుతురు ఉంది. సముద్రం ఎదురుగానే ఉంది. నలుగురు మగవాళ్ళు తుండుగుడ్డలు ముక్కులకు కట్టుకుని ఇసుక తీశారు. ఆ వాసన గురించి నేను రాయను. ఆడవాళ్ళని దూరంగా ఉండమన్నారు. పైడమ్మ వినలేదు. నన్ను కూడా లాక్కుపోయింది.

ఇసుకలో ఉన్నది ఎర్రయ్యే. ఎంత మారిపోయినా ఆ నుదురు, ఆ గడ్డం ముందురోజు నా చేతుల కింద ఉన్నవే. కనుబొమ మీద ఆ చీలిక ఉంది. పైడమ్మ వెంటనే నా చెయ్యి వదిలేసి కూలబడిపోయింది. బస్సులో దారంతా కూడగట్టుకున్నదంతా ఆవిడ నోట్లోంచి ఒక్క అరుపుగా వచ్చింది.

ఆ అరుపు మధ్యలోనే నేను చూశాను. శవం ఎడమ చెవి మడతలో తెల్లగా ఏదో పేరుకుని ఉంది. కనుబొమ వెంట్రుకల్లో కూడా అక్కడక్కడా అంటి ఉంది. నేను మోహనరావు వైపు చూశాను. అతను అప్పటికే అటే చూస్తున్నాడు. అప్పన్న వంగి, "ఇదేటిది? నాను కడిగినప్పుడు నేదే" అన్నాడు.

మాస్టారు మోకాళ్ళ మీద కూర్చుని ఆ తెల్లటి దాన్ని కొద్దిగా గోటితో తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూశారు. ఏళ్ళ తరబడి ప్లాస్టర్‌తో పనిచేసిన చేతులు ఆయనవి. కాసేపటికి, "ఉప్పు" అన్నారు. అని లేచి సముద్రం దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కున్నారు. చాలాసేపు కడుక్కున్నారు.

మళ్ళీ పూడ్చేశారు. పైడమ్మ ఈసారి తన చేత్తో ఇసుక వేసింది. వేసి, లేచి నా ముందుకు వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మొకానికి నూనె రాసింది నువ్వా?"

అవునన్నాను.

"నా కాడికి ఎందుకు రానేదమ్మా? అంత దూరం బస్సెక్కి మీ కాడికి వొచ్చినాడు. మా గుమ్మం ఇక్కడే ఉన్నాది. ఆ దినం పొద్దుగూకి నాను ఇంట్లోనే ఉన్నాను."

ఆవిడ కోపంగా అడిగిందో, బాధతో అడిగిందో నాకు తెలియలేదు. ఎవరో వచ్చి ఆవిడను ఇంట్లోకి తీసుకుపోయారు.

ఆ తర్వాత మ్యూజియంలో పని ముందులా సాగలేదు. జాలరి బొమ్మకు మాస్టారు ఆ ముఖం పెట్టలేదు. తను చెయ్యనన్న పనే చేశారు, ఊహించి ఒక ముఖం చెక్కారు. ఎర్రయ్య ముఖాన్ని పైడమ్మకు పంపుదామా అంటే పేటవాళ్ళు వద్దని కబురు చేశారు. పగలగొట్టడానికి మాస్టారికి చేతులు రాలేదు. గోనెగుడ్డలో చుట్టి వెనకగదిలో పెట్టారు. తర్వాత అదేమయిందో నాకు తెలియదు. మోహనరావు సెలవులు అయ్యేలోగానే సాలూరు వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కలిసినప్పుడల్లా అన్నీ మాట్లాడేవాడు కానీ ఆ మాట ఎత్తితే లేచిపోయేవాడు.

నాకు శ్రీకాకుళంలో ఉద్యోగం వచ్చింది. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. చాలా ఏళ్ళ తర్వాత ఒకనాడు బజారులో ఎండుచేపల గంప ముందు కూర్చున్న ఒకావిడ నన్ను అదే పనిగా చూస్తోంది. నేను దాటి వెళ్ళిపోతుంటే, "మూజియం అమ్మవి కదూ?" అంది. పైడమ్మ. జుట్టు సగం నెరిసిపోయింది. కన్నవారి దగ్గరే ఉంటోందట. పక్కన చోటిచ్చి కూర్చోమంది.

కూర్చున్నాను. తర్వాత ఆవిడ అడిగింది.

"ఆ దినం మాటాడినాడు గదా. గొంతు ఎలాగున్నాదమ్మా? మొకం నాకు గురుతున్నాది. గొంతే... ఎంత తలుసుకున్నా రాదు."

నాకు గుర్తున్న ప్రతి మాటా చెప్పాను. తెప్ప దుంగ సంగతి, మాట ఇచ్చానన్న సంగతి, మా ఇంటిదానికి చూపిస్తారా అని అడగడం, అన్నీ. ఎలా అన్నాడో అలాగే, ఆ యాసలోనే, అనడానికి ప్రయత్నించాను. కొంచెం బొంగురుగా, మెల్లగా. చచ్చినవాడి గొంతులా లేదు. మనిషి గొంతులాగే ఉంది. పైడమ్మ కళ్ళు మూసుకుని విన్నది. "ఇంకోపాలి అనమ్మా" అంది. మళ్ళీ అన్నాను.

చదువుకున్నదాన్ని, నలభై ఏళ్ళు పిల్లలకు చదువు చెప్పినదాన్ని. అద్దం మీద పట్టిన ఆ ఆవిరి ఎవరిదని ఎవరైనా అడిగితే నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. నేను దాన్ని తుడిచాను, అది మళ్ళీ పట్టింది. అంతవరకే నాకు తెలుసు.